తప్పు దొరికిన చోటు, తప్పు జరిగిన చోటు

పక్క క్వార్టర్ వాళ్ళు పాత ఇనప గేటు కోయించి తీయిస్తున్నారు. పొద్దున్నుంచీ గ్యాస్ కటింగ్ చప్పుడు. కాలిన ఇనుము, దాని మీద మాడుతున్న పాత రంగు కలిసిన వాసన కిటికీ మూసినా లోపలికి వస్తోంది. ఆ వాసన తగలగానే నా చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. వెనక ఎవరో నిలబడి నా తెర చదువుతున్నారనిపించి తిరిగి చూశాను. ఎవరూ లేరు, ఉండరు కూడా. రూతు మేడమ్ పోయి రెండేళ్ళయింది. ఆవిడ దగ్గర పనిచేసినన్నాళ్ళూ నేను వెనక్కి తిరిగి చూసుకోని పూట లేదు. ఆ అలవాటు ఇంకా వదల్లేదు.

నేను చేసే పని ఒక్క ముక్కలో చెప్పడం కష్టం. మనుషులు రాసిన ప్రోగ్రాముని చదివి, యంత్రానికి అర్థమయ్యేలా మార్చే సాధనాన్ని కంపైలర్ అంటారు. రాసినదాంట్లో తప్పుంటే అది ఆగి, ఫలానా లైన్లో ఫలానా తప్పు అని చెబుతుంది. ఆ చెప్పే మాట మనిషికి అర్థమయ్యేలా ఉందా, ఒక తప్పు దగ్గరే చతికిలబడకుండా మిగతాది కూడా చదవగలుగుతోందా అని చూసుకోవడం నా ఉద్యోగం. ఊళ్ళోవాళ్ళ తప్పులు ఎంచడానికి జీతం కూడానా అని మా అమ్మ నవ్వుతుంది. భిలాయి సెక్టర్ 7లో ఇంట్లో కూర్చుని ఎక్కడెక్కడివాళ్ళకో ఈ పని చేసిపెడుతున్నాను. నేర్పింది మాత్రం ఇక్కడికి నాలుగు మైళ్ళలో, పారిశ్రామికవాడలోని ఒక చిన్న కార్ఖానాలో, రూతు మేడమ్.

ఆ కార్ఖానాలో మందపాటి ఉక్కు పలకలని నమూనా ప్రకారం మంటతో కోసేవారు. కోసే మంటని నడిపేది కంప్యూటరు. దానికి ఏం చెయ్యాలో చెప్పే ప్రోగ్రాములు మిషను దగ్గర నిలబడే ఆపరేటర్లే రాసుకోవాలని, వాళ్ళకి వచ్చిన హిందీ మాటలతో మేడమ్ ఒక చిన్న భాష తయారుచేసింది. ‘జలావ్’ అంటే మంట వెలుగుతుంది, ‘బుఝావ్’ అంటే ఆరుతుంది. ఒకే పని నాలుగుసార్లు చేయించాలంటే ‘దోహరావ్ 4’ అని మొదలుపెట్టి, పని రాసి, చివర ‘బస్’ అనాలి. ఎనిమిదో తరగతితో చదువు ఆపేసినవాళ్ళు కూడా వారంలో నేర్చుకున్నారు. ఇంత చక్కటి పని చేసిన మనిషి అంటే ఆ కార్ఖానాలో ఎవరికీ పడేది కాదు. సన్నగా, యాభై దాటిన మనిషి. కళ్ళజోడు తాడుకి కట్టి మెడలో వేసుకునేది. ఎవరేం చెప్పినా ముందు ఆ కళ్ళజోడు పెట్టుకుని, చెప్పినవాళ్ళ మొహం చూసి, తర్వాత మాట వినేది.

ఉద్యోగానికి వెళ్ళిన రోజున నా ముందు ఒక కాయితం పెట్టింది. ఒక ఆపరేటర్ రాసిన ప్రోగ్రాము, దాని కింద మా కంపైలర్ చెప్పిన మాట: 58వ లైన్లో తప్పు. ఆ లైను చూశాను. అదే ఆఖరిది, లక్షణంగా ఉంది. పది నిమిషాలు చెమటలు కక్కి, "58లో ఏదో ఉంది మేడమ్, నాకు కనబడట్లేదు" అన్నాను.

"లేని తప్పు ఎలాగ కనబడతాది?" అంది. "శవం దొరికిన చోటే హత్య జరిగిందని పోలీసోడంటే నమ్మీస్తావేటే?"

"నహీ మేడమ్."

"మరి మిషను అంటే ఎందుకు నమ్మీసినావు?"

పదకొండో లైన్లో మొదలెట్టిన దోహరావ్‌కి బస్ రాయలేదు. కంపైలర్ పాపం ఆ బస్ కోసం చూస్తూ చూస్తూ చివరిదాకా వెళ్ళి, కాయితం అయిపోయాక గగ్గోలు పెట్టింది. తప్పు జరిగిన చోటు వేరు, తప్పు దొరికిన చోటు వేరు. ఆ రోజు ఉద్యోగం రాదనుకున్నాను. ఇచ్చింది. ఎందుకిచ్చిందా అని కూడా అనుమానమే వచ్చింది నాకు.

ఆవిడ నాన్నగారు పార్వతీపురం వైపు నుంచి రైల్వేలో గేట్‌మేన్‌గా వచ్చి, దుర్గ్ లైన్లో ఒక గేటు దగ్గరే సర్వీసంతా గడిపారట. రైలు వచ్చేముందు స్టేషన్ మాస్టరు ఫోను చేస్తాడు. గేటు వేశానని నోటిమాటగా చెబితే చెల్లదు. గేట్‌మేన్ తన దగ్గరున్న షీటులోంచి ఒక నంబరు చెప్పాలి, అవతలాయన అది రాసుకోవాలి. అప్పుడే సిగ్నలు. ఆ పెద్దాయన ఇంట్లో కూడా అంతేనట. పిల్లలు తలుపు వేశాం నాన్నా అంటే "నంబరెంత?" అనేవాడట. మేడమ్‌కి ఆ జబ్బు తండ్రి నుంచి వచ్చింది. నేను ప్రోగ్రాము పరీక్షించానంటే చాలదు. "అయితే మూడో పలక మీద ఎన్ని కన్నాలు పడ్డాయి?" అని అడిగేది. నిజంగా చూసినవాళ్ళకి తప్ప తెలియని సంగతేదో ఒకటి చెప్పాలి. మొదట్లో నాకు ఒళ్ళు మండిపోయేది. దొంగని నిలదీసినట్టు ఏమిటిది అని ఇంటికొచ్చి అమ్మ దగ్గర ఏడ్చాను కూడా.

అన్నిటికంటే నన్ను భయపెట్టింది ఆవిడ బీరువా. ఆపరేటర్లు రాసినవాటిలో కంపైలర్ తిప్పికొట్టిన ప్రతి ప్రోగ్రామునీ అచ్చు తీయించి, పేరూ తేదీ వేసి, మనిషికొక కట్టగా కట్టి ఆ ఇనప బీరువాలో దాచేది. తాళంచెవి బొడ్లో. కార్ఖానా యజమానిని అందరూ మాలిక్ అనేవారు. టీ దగ్గర స్టోర్స్‌వాళ్ళు గుసగుసలాడేవారు, "మేడమ్ మాలిక్ మనిషి, అందరి తప్పులూ లెక్కపెట్టి పెడతన్నాది, ఒకరోజు మన మెడకి సుట్టీస్తాది" అని. ఒకసారి ధైర్యం చేసి అడిగాను, ఇవన్నీ ఎందుకు మేడమ్ అని. "అవసరం పడతాది" అంది. ఆ ఒక్క మాటతో స్టోర్స్‌వాళ్ళు చెప్పింది నిజమేనని తేల్చుకున్నాను.

బస్ మరిచిపోవడంలో అందరికంటే ఘనుడు పైడిరాజు. దగ్గర్లోని ఉతై ఊరి నుంచి మోపెడ్ మీద వచ్చేవాడు. కాంట్రాక్టు మనిషి, నాకంటే పాతికేళ్ళు పెద్ద. అయినా ఇక్కడి అలవాటు ప్రకారం నన్ను దీదీ, అంటే అక్కా, అనేవాడు. "దీదీ, నీ మిషను నాకు ఆఖరి లైను సూపిత్తాది. నాను పొద్దల్లా దాన్నే సూస్తాను. అక్కడేటుంటాది, నా మొకం!" అని నవ్వేవాడు. మిషను చెప్పే ఆ మాట సరిచేసే పని మేడమ్ నాకప్పగించింది. పైడిరాజు కట్ట బీరువాలోంచి తీసి నా ముందు పెట్టి, "ముందివన్నీ చదువు. మనుషులు ఎలాగ మరిచిపోతారో తెలీకండా వాళ్ళకి బుద్ధులు చెప్పకు" అంది.

చదివాను. కష్టపడ్డాను. ఎక్కడ బస్ ఉండాలో కంపైలర్ తనే ఊహించుకుని, అక్కడ ఉన్నట్టే అనుకుని ముందుకు చదివేలా చేశాను. ఆపరేటరు ఖాళీగా వదిలిన లైను చూసి ఊహించేది. దానివల్ల ఒక తప్పు వెనక దాక్కున్న మిగతా తప్పులు కూడా ఒకేసారి బయటపడేవి. పైగా పదికి తొమ్మిదిసార్లు ఊహ సరిగ్గా ఉండేది. మేడమ్ చూసి, మొదటిసారి బాగుందంది. ఆ వెంటనే, "ఊహ ముందుకి చదవడానికే. కొయ్యడానికి కాదు. తప్పు ఒక్కటున్నా మంట వెలగకూడదు" అంది.

నా బుర్రకి అది ఎక్కలేదు. ఊహ సరైనదైతే మళ్ళీ ఆ పెద్దమనిషిని వెనక్కి పంపడమెందుకు? ఒక గురువారం మేడమ్ సెలవులో ఉంది. పోయిన బస్ ఒక్కటే తప్పయితే, ఊహించి నడిపించెయ్యమని, తెర మూల చిన్న పసుప్పచ్చ అక్షరాలతో ఓ ముక్క రాసి ఊరుకొమ్మని మార్చాను. రెండ్రోజులు చూసి బాగుంటే చెబుదాం, మెచ్చుకుంటుంది అనుకున్నాను. మెప్పు కోసమే చేశాను, ఇంకే వంకా లేదు.

సోమవారం పొద్దున పైడిరాజు బస్ మరిచిపోయాడు. నాలుగు కన్నాలు వేసి, తర్వాత ఒక్కసారి అంచు కోయాలి. అతను అంచు కోత కింద ఖాళీ లైను వదిలాడు, పైన కాదు. నా తెలివైన ఊహ బస్‌ని అంచు కోత తర్వాత పెట్టింది. అంటే ప్రతి కన్నం వెయ్యగానే అక్కణ్ణుంచే అంచు కోత, నాలుగుసార్లూ పలక నడిమధ్యలోంచి. పసుప్పచ్చ అక్షరాలు మంట దగ్గర పెట్టుకునే నల్ల కళ్ళద్దాల్లోంచి ఎవరికి కనబడతాయి? ఆ పలక ప్రత్యేకంగా తెప్పించిన ఒకే ఒక్కటి. ముక్కలైపోయింది.

అంతకు మూడు రోజుల ముందే వారం సెలవు ఇవ్వలేదని పైడిరాజు సూపర్‌వైజరు మీద కేకలేశాడు. చూసుకుందాం అని కూడా అన్నాడట. ఇంకేం కావాలి? కావాలనే చేశాడన్నారు. విచారణ తేలేదాకా ఇంట్లో కూర్చోమని గేటు పాసు తీసేసుకున్నారు. భిలాయిలో కాంట్రాక్టు మనిషికి పాసు పోవడమంటే ఏమిటో ఇక్కడి పిల్లల్నడిగినా చెబుతారు. ఒకచోట కావాలని పాడుచేశాడన్న పేరొస్తే ఇంకో గేటు తెరుచుకోదు. "నానేటి సేసినాను దీదీ? ఇన్నాళ్ళూ అలగే రాసినాను, ఆపీసేది. ఇయ్యాలేటి ఆపలేదు?" అని వెళ్తూ నన్నే అడిగాడు. తెలియదన్నాను.

తెలుసు. ఆ మధ్యాహ్నమే ప్రోగ్రాము తెరిచి చూసుకున్నాను. చూసి, ఎవరికీ చెప్పకుండా నేను చేసిన మార్పు తీసేసి, పాతది పెట్టేశాను. ఆ తర్వాత తొమ్మిది రోజులు నేను బతికిన బతుకు పగవాళ్ళకి కూడా వద్దు. ఎవరు నవ్వినా నా గురించే అనిపించేది. ఎవరు పిలిచినా గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేదాన్ని. మేడమ్ మాత్రం వెనకొచ్చి నిలబడడం మానేసింది. రోజూ టీ అప్పుడు, "ఏటే, ఏమైనా చెప్పాలా?" అని అడిగేది. లేదు మేడమ్ అనేదాన్ని. సరే అని వెళ్ళిపోయేది. ఎనిమిదో రోజున బీరువా తెరిచి పైడిరాజు కట్ట పట్టుకుని మాలిక్ గదిలోకి వెళ్ళడం చూశాను. అయిపోయింది, ఇన్నాళ్ళూ దాచింది ఇందుకే, వాడి మెడకి ఉరి ఆ కాయితాలే అనుకున్నాను. చెప్పడానికి సిగ్గేస్తోంది గానీ, ఆ క్షణంలో నాకు కాస్త తేలికపడింది కూడా. అతన్ని పంపేస్తే ఇక ఎవరూ అడగరు కదా.

మర్నాడు పొద్దున అందర్నీ పిలిచారు. మాలిక్, సూపర్‌వైజరు, గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని పైడిరాజు, మేడమ్, నేను. మేడమ్ కట్ట విప్పి కాయితాలు ఒక్కొక్కటే బల్ల మీద పరిచింది.

"పైడిరాజు పదకొండుసార్లు బస్ మరిచిపోనాడు. పదకొండుసార్లూ మిషను ఆపింది. పన్నెండోసారి ఆపలేదు. ఆ పన్నెండోదే మర్నాడు నేను మళ్ళీ ఎక్కించి చూసినాను. ఆపింది. అంటే మధ్యలో మిషను మారింది, మళ్ళీ మారింది" అంది.

"మిషను తనంతట తాను మారిపోతుందా మేడమ్?" అన్నాడు మాలిక్.

మేడమ్ నావైపు చూడలేదు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి కూర్చుంది. ఆ మిషన్లో చెయ్యి పెట్టగలిగినవాళ్ళం ఇద్దరమే, ఆవిడా నేనూ. ఎవరు పెట్టారో ఆ గదిలో ఇద్దరికే తెలుసు. నేను నోరు మూసుకుంటే అనుమానం ఆవిడ మీదకే పోతుంది, అది తెలిసే అలా కూర్చుంది.

లేచాను. నేనే మార్చానని చెప్పాను, మళ్ళీ తీసేసింది కూడా చెప్పాను. మాలిక్ ఏదో అరవబోయాడు. అంతకంటే ముందే గుమ్మం దగ్గర్నుంచి పైడిరాజు అడిగాడు.

"ఎన్నాళ్ళయింది దీదీ, నీకు తెలిసి?"

"తొమ్మిది రోజులు."

తలాడించి, పాసు తీసుకుని వెళ్ళిపోయాడు. కొడితే బాగుండేది. నా పాసు కూడా తీసెయ్యమన్నాడు మాలిక్. "ఉంచండి. ఈ తప్పు ఎలాగ జరుగుతాదో బాగా తెలిసిన మనిషి మీ దగ్గర ఇదొక్కర్తే" అంది మేడమ్. ఆ మాటకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

ఆ సాయంత్రం నన్ను స్కూటీ వెనక ఎక్కించుకుని ఉతై తీసుకెళ్ళింది. సగం దారిలో నేనే అడిగాను, మీకెప్పుడు తెలుసని. "రెండో రోజు" అంది. "నువ్వే వచ్చి చెప్పాలని కూకున్నాను. చెబుతావో లేదో చూద్దామని." ఆ గొంతులో అలాంటి నీరసం ఎప్పుడూ వినలేదు.

పైడిరాజు ఇంటి ముందు నులకమంచం వేసి కూర్చోబెట్టాడు. అతని భార్య నీళ్ళు తెచ్చి ఇచ్చి, లోపలికి వెళ్ళకుండా ద్వారబంధం పట్టుకుని నిలబడింది. నేను క్షమించమన్నాను. తర్వాత మేడమ్, ఎవరూ అడగకుండానే, "నాకు రెండో రోజే తెలుసు పైడిరాజూ. ఈ పిల్ల నోటంట నిజం రప్పించాలని ఊరుకున్నాను. నా తప్పు దీని తప్పుకంటే పెద్దది" అంది.

"రెండో రోజు తెలిసినోరు మూడో రోజు రాలేకపోనారేటి మేడమ్?" అన్నాడతను. అందులో కోపం లేదు, అలిసిపోయిన మనిషి మాట. "మాలిక్ అనుకున్నాడు, సూపర్‌వైజర్ అనుకున్నాడు, ఆల్లు అనుకుంటే అనుకోనీ. ఇరవయ్యారేళ్ళు నాతో కాపురం సేసింది ఇది. ఆరో రోజున అన్నం పెడతా ఇదీ అడిగింది. నిజంగానే కోపమొచ్చి సేసీసినావేటి, నాకాడైనా సెప్పు అని."

ద్వారబంధం దగ్గర ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. మేడమ్ నీళ్ళగ్లాసు కింద పెట్టేసింది. నేను తలెత్తలేకపోయాను.

తర్వాత మేడమూ నేనూ కూర్చుని, బస్ మరిచిపోయినప్పుడు మిషను చెప్పే మాట మళ్ళీ రాశాం. ఇరవైసార్లు రాసి కొట్టేశాం. చివరికి నిలిచింది ఇది: "11వ లైన్లో మొదలైన దోహరావ్‌కి బస్ కనబడలేదు. 16 తర్వాత ఉండాలేమోనని నా ఊహ, నేను చూసింది కాదు. ఊహ మీద కొయ్యను. ఎక్కడ ఉండాలో ఆ లైను నంబరు మీరే రాయండి." సరే అని ఒక మీట నొక్కితే ఒప్పుకోదు, నంబరు రాయాల్సిందే. అది రైల్వే గేటు చదువని నాకు వేరే చెప్పనక్కర్లేకపోయింది. బీరువా తాళంచెవి కూడా ఆ వారమే నాకిచ్చేసింది. కట్టలన్నీ చదివాను. ఎవరు ఎక్కడ తడబడతారో, ఎలా చెబితే వాళ్ళకి తెలుస్తుందో అంచుల్లో పెన్సిలుతో రాసుకుంది. ఎవరి మీదా ఒక్క ఫిర్యాదు ముక్క లేదు. ఇన్నాళ్ళూ ఆవిణ్ణి ఏమనుకున్నానో తలుచుకుంటే నా మీద నాకే అసహ్యమేసింది.

పైడిరాజు ఇంకా ఆరేళ్ళు పనిచేశాడు. నాతో బాగానే మాట్లాడేవాడు. కానీ ఇంతకుముందులా ‘నా మొకం’ అన్న జోకు మళ్ళీ వేయలేదు. నేను ఏదైనా బాగుచేశానంటే, మేడమ్ చూశారా అని అడిగి గానీ ముట్టుకునేవాడు కాదు. అడగడం అతని హక్కు.

మేడమ్ అనుమానించడం నేర్పిందనే అందరూ అనుకుంటారు. నేర్పింది, నిజమే. నేను రాసే ప్రతి మాట దగ్గరా ఇది చూసిందా, ఊహించిందా అని ఇప్పటికీ అడుగుతాను. కానీ ఆ స్కూటీ మీద వెళ్ళిన సాయంత్రం నేర్పింది ఇంకొకటి ఉంది. కాయితమంతా అయిపోయాక చెప్పే కంపైలర్‌ని ఇద్దరం తిట్టుకున్నాం. మేమిద్దరం చేసింది కూడా అదే. తెలిసిన చోట చెప్పలేదు, అంతా అయ్యాక చెప్పాం.

పోయిన నెల నేను చేసిన ఒక మార్పులో తప్పు దొరికింది. అప్పటికే అది నలుగురి చేతుల్లోకి వెళ్ళిపోయింది, ఎవరూ కనిపెట్టలేదు. కనబడిన గంటలోనే అందరికీ రాసేశాను, తప్పు నాదని, ఫలానా రోజు నుంచి ఉందని. మా టీమ్ పెద్దాయన వెంటనే ఫోను చేశాడు. గొంతులో అనుమానం, దీని వెనక ఇంకేముందా అని. "ఎవరూ అడగలేదు కదా, చడీచప్పుడు లేకుండా సరిచేసేస్తే పోయేది. అంత తొందరేమిటమ్మా?" అన్నాడు.

"ఈపాటికి ఎవరింట్లో ఎవర్ని ఏం అడుగుతున్నారో మనకి తెలీదు కదండీ" అన్నాను.